మ్యాప్ చెక్ ఫీజు రెట్టింపు చేస్తారట, పిటిషన్ మీద సంతకం పెట్టనా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటాం. మా ఇల్లు ఊరి హద్దుకు బయట, కౌంటీ పరిధిలో ఉంది. స్థలం 9,600 చదరపు అడుగులు. వెనక భాగం విడగొట్టి మా తమ్ముడికి ఇద్దామని ఒక సర్వేయర్‌ని పెట్టుకున్నాం. స్థలాన్ని విడగొట్టే పటం, అదే పార్సెల్ మ్యాప్, తయారవుతోంది. ఇంతలో మ్యాపుల పరిశీలన ఫీజు దాదాపు రెట్టింపు చేస్తామని కౌంటీ ప్రకటించింది. వచ్చే నెల కౌంటీని నడిపే సూపర్‌వైజర్ల బోర్డు ముందు విచారణ ఉంది. పెంపు వద్దంటూ వీధిలో పిటిషన్ తిప్పుతున్నారు, నన్నూ సంతకం పెట్టమంటున్నారు. ఒంగోలు నుంచి మా నాన్నగారేమో "గవర్నమెంటుతో పేచీ ఎందుకురా, అడిగింది కట్టెయ్" అంటున్నారు. అసలు లైసెన్స్ ఉన్న సర్వేయర్ గీసిన మ్యాప్‌ని ఇంకొకరు మళ్లీ చూడటం ఎందుకు? దానికి మనం డబ్బు కట్టడం ఎందుకు? పాత ఫీజులో పడేలా ఇప్పుడే దాఖలు చేసేయనా? ఇంకోటి. పక్కింటాయనతో ఎనిమిది అంగుళాల కంచె తగువు ఉంది. దానికి రికార్డ్ ఆఫ్ సర్వే (కొలిచిన హద్దులు కౌంటీలో నమోదు చేసే పటం) వేయిస్తే ఆ ఫీజు కూడా పెరుగుతుందట. ఫైల్ చేయకుండా మేకులు పాతించుకుంటే సరిపోతుంది కదా అని ఆయన అంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: పిటిషన్ మీద సంతకం పెట్టకండి. విచారణకు మాత్రం తప్పకుండా వెళ్లండి. ఈ రెండూ పొసగని మాటల్లా ఉన్నాయి కదా, కారణం చెప్తాను. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడ సర్వేయర్‌గా ఇదే పని చేస్తున్నాను. మ్యాప్ గీసి కౌంటీకి పంపడం, వాళ్లు ఎర్ర గీతలు పెట్టి తిప్పి పంపితే సరిచేసి మళ్లీ ఇవ్వడం. ఆ ఎర్ర గీతలకు డబ్బు కట్టేది నన్ను నమ్ముకుని వచ్చిన ఇంటివాళ్లే. అందుకే ఈ ఫీజు సంగతి నాకు బాగా పట్టింపు.

లైసెన్స్ ఉన్నవాడి మ్యాప్‌ని మళ్లీ చూడటం ఎందుకన్నారు. నాకు జరిగిందే చెప్తాను. పన్నెండేళ్ల కిందట కొండ వాలులో ఒక స్థలం కొలిచాను. ఒక మూల దగ్గర మెటల్ డిటెక్టర్ కూసింది. తవ్వితే ముప్పావు అంగుళం ఇనుప గొట్టం, దాని మూతి మీద ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద పాత సర్వేయర్ లైసెన్స్ నంబరు. మా వృత్తిలో అంతకంటే సంతోషపెట్టేది ఉండదు. ఆ గొట్టాన్నే మూలగా పట్టుకుని మ్యాప్ గీశాను. లెక్కలన్నీ కుదిరాయి. నాలుగు పక్కల కొలతలూ కలిపితే బయల్దేరిన చోటికే వచ్చి చేరాయి.

వారం తర్వాత కౌంటీ ఆఫీసులో మ్యాప్ చూస్తున్నావిడ ఫోన్ చేసి, "ఈ వీధిలో ఇంకో రికార్డ్ ఆఫ్ సర్వే ఉంది, చూశారా?" అని అడిగింది. నేను చూడలేదు. తీసి చూస్తే దాంట్లో ఒక మూల, చిన్న అక్షరాల్లో ఒక నోటు ఉంది. కంచె పనివాళ్లు ఆ గొట్టాన్ని పీకి కంటి అంచనాతో తిరిగి పాతారట. అసలు మూల ఎక్కడుండాలో చెప్పడానికి, రోడ్డంచు కాంక్రీటు మీద ఉలితో కొట్టిన ఒక గుర్తు నుంచి దూరం రాసి పెట్టాడు ఆ పాత సర్వేయర్. మర్నాడు వెళ్లి ఆ కాంక్రీటు మీద పేరుకున్న మట్టి, ఎండుటాకులు చేత్తో తుడిచాను. వేలెడంత ప్లస్ గుర్తు బయటపడింది. అక్కడి నుంచి కొలిస్తే, నేను నమ్ముకున్న గొట్టం పది అంగుళాలు పక్కకుంది. అవతలివాళ్లు ఆ పక్కనే గోడ కట్టుకోబోతున్నారు. ఆ ఒక్క ఫోను రాకపోయి ఉంటే రెండు కుటుంబాలు నా మ్యాప్ పట్టుకుని కోర్టుకెక్కేవి.

కౌంటీ సర్వేయర్ ఆఫీసువాళ్లు మళ్లీ పొలంలోకి దిగి కొలవరు. మ్యాప్‌లో లెక్క కుదిరిందా, పాత రికార్డులతో పొంతన ఉందా, ఏ గుర్తులు దొరికాయో ఏవి కొత్తగా పాతారో రాశారా, స్థలం వివరణ దస్తావేజుతో సరిపోతోందా, ఇవి చూస్తారు. చూసిన మ్యాప్ 18 అంగుళాలు, 26 అంగుళాల కాగితం మీద రికార్డర్ ఆఫీసుకు చేరుతుంది. ఇక అక్కడే ఉంటుంది. మీరు ఇల్లు అమ్మేసినా, తమ్ముడు ఊరు మారినా, వందేళ్ల తర్వాత ఎవరో తవ్వుకునేది ఆ కాగితం చూసే.

మన దగ్గర పద్ధతి వేరు. ఒంగోలులో మీ నాన్నగారు ఎఫ్‌లైన్‌కి, అంటే హద్దు కొలిచి చూపమని, అర్జీ పెడితే ప్రభుత్వ సర్వేయరే వచ్చి ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) చూసి హద్దు చూపిస్తాడు. కొలిచేదీ సరిచూసేదీ ఆ శాఖే. ఇక్కడ కొలిచేది ప్రైవేటు మనిషి, సరిచూసేది కౌంటీ. తెలంగాణలో 2025లో భూభారతి చట్టం వచ్చాక లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ మొదలుపెట్టారు కాబట్టి, వాళ్ల పటాలు ఎవరు చూడాలి, చూసినందుకు ఎంత తీసుకోవాలి అన్న ప్రశ్న రేపు అక్కడివాళ్లకూ వస్తుంది.

అందుకే పిటిషన్ వద్దన్నాను. "ఫీజు పెంచొద్దు" అని ఒక్క ముక్కలో రాసిస్తే, దాని వెనక అర్థం "చూసే మనుషుల్ని తగ్గించుకోండి" అనే అవుతుంది. మ్యాపులు చూసే ఇద్దరిలో ఒకరు రిటైరై ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోతే మూడు వారాల పని మూడు నెలలు పడుతుంది. ఈలోగా మీ బ్యాంకు అప్పు మీద వడ్డీ ఆగదు. తక్కువ ఫీజు చివరికి ఎక్కువ ఖర్చే అవుతుంది.

మరి ఎంత అడిగితే అంతా కట్టాలా? అక్కర్లేదు. మీరు మాట్లాడాల్సింది సరిగ్గా దీని గురించే.

కాలిఫోర్నియాలో 1978లో ప్రొపోజిషన్ 13 వచ్చింది. ఇంటి పన్ను లెక్కగట్టిన విలువలో ఒక శాతం మించకూడదు, ఆ విలువ కూడా ఏడాదికి రెండు శాతం కంటే పెరగకూడదు అని ప్రజలు ఓటేశారు. ఇల్లున్నవాళ్లకు అది గొప్ప ఊరట. కౌంటీల ఆదాయానికి మాత్రం కళ్లెం పడింది. దాంతో ఒక్కో సేవకూ ఫీజు పెట్టుకోవడం పెరిగింది. ఫీజు పేరుతో పన్ను వేస్తున్నారన్న కోపంతో 2010లో ప్రజలే ప్రొపోజిషన్ 26 తెచ్చారు. దాని ప్రకారం ఇలాంటి ఫీజు ఆ సేవకయ్యే సమంజసమైన ఖర్చును దాటకూడదు. దాటలేదని రుజువు చేసుకోవాల్సిన భారం కౌంటీ మీదే ఉంటుంది, మీ మీద కాదు. అంటే మీరు బోర్డు ముందు నిలబడి "లెక్క చూపించండి" అనడం చట్టం మీ చేతికిచ్చిన హక్కు.

ఆ లెక్క మీరు అడిగేలోపే బయట పెట్టాలి కూడా. కాలిఫోర్నియా ప్రభుత్వ కోడ్ 66016వ సెక్షన్ ప్రకారం ఫీజు పెంచేముందు బహిరంగ సమావేశం జరగాలి. దానికి కనీసం పది రోజుల ముందు, ఆ సేవకు ఎంత ఖర్చవుతోందో, ఆ డబ్బు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో చూపే వివరాలు ప్రజలకు అందుబాటులో ఉంచాలి. రాతపూర్వకంగా అడిగి పెట్టుకున్నవాళ్లకు పద్నాలుగు రోజుల ముందే నోటీసు పోస్టులో పంపాలి. ఆ కోరిక ఏడాది పాటు చెల్లుతుంది. ఈ రోజే బోర్డు క్లర్కు ఆఫీసుకు రెండు వాక్యాల ఉత్తరం రాయండి: ఈ ఫీజు విషయంలో నోటీసు నాకు పంపండి, ఖర్చుల లెక్క నాకివ్వండి అని.

లెక్క చేతికొచ్చాక ఎక్కడ చూడాలో చెప్తాను. ఇలాంటి నివేదికలను చాలా చోట్ల బయటి కన్సల్టెంట్లే తయారు చేస్తారు. చూడటానికి లావుగా ఉంటుంది కానీ సారమంతా రెండు అంకెల్లోనే ఉంటుంది. గంటకు రేటు ఎంత, ఒక మ్యాప్‌కి ఎన్ని గంటలు. ఈ రెండూ గుణిస్తే ఫీజు.

గంట రేటులో అసలు కిటుకు భాగహారం దగ్గర ఉంటుంది. ఉదాహరణకు ఒక ఉద్యోగికి జీతం, పెన్షన్, ఆరోగ్య బీమా కలిపి ఏడాదికి 1,70,000 డాలర్లు అవుతుందనుకుందాం. వారానికి 40 గంటల చొప్పున 52 వారాలంటే 2,080 గంటలు. దాంతో భాగిస్తే గంటకు 82 డాలర్లు. సెలవులు, శిక్షణ, మీటింగులు తీసేసి చేతికి మిగిలే పని గంటలు 1,700 అని పెట్టుకుంటే 100 డాలర్లు. రెండో పద్ధతి తప్పు కాదు, నేను కూడా నా ఆఫీసులో అలాగే చూసుకుంటాను. కానీ ఆ 1,700 ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పాలి. ఆ పైన అద్దె, కంప్యూటర్లు, పై అధికారుల జీతాల్లో వాటా అంటూ ఓవర్‌హెడ్ కలుపుతారు. అదెంత శాతమో, దేని ఆధారంగా పంచారో అడగండి. మ్యాపులకు సంబంధం లేని విభాగం ఖర్చు ఇక్కడికి వచ్చి చేరితే ఆ లెక్కలోనే దొరుకుతుంది.

గంటల సంగతి ఇంకా ముఖ్యం. "ఒక పార్సెల్ మ్యాప్‌కి సగటున ఇన్ని గంటలు" అని రాస్తారు. అది టైంషీట్ల నుంచి వచ్చిందా, లేక ఉద్యోగుల్ని కూర్చోబెట్టి "సుమారు ఎంత పడుతుంది?" అని అడిగి రాసుకున్నదా? గత మూడేళ్లలో వచ్చిన మ్యాపులెన్ని, ఒక్కోటి ఎన్నిసార్లు తిరిగింది? ఈ ప్రశ్నకు జవాబు అక్కడే చెప్పగలిగితే, పెంపు రెట్టింపైనా సరే, నాకు అభ్యంతరం లేదు. చెప్పలేకపోతే వాయిదా వేయమని అడగండి.

తిరగడం మాట వచ్చింది కాబట్టి నా మనసులో ఉన్న కోపం కూడా చెప్పాలి. ఒక కౌంటీలో, పేరు వద్దు, ఒక రిటైర్డ్ నర్సు స్థలం మ్యాప్ ఇచ్చాను. మొదటి చెక్‌లో పదకొండు మార్పులు చెప్పారు. అన్నీ చేశాను. రెండోసారి కొత్తగా తొమ్మిది వచ్చాయి. అవన్నీ మొదటిసారే కనిపించాల్సినవి, నేను ముట్టుకోని చోట్లవే. మధ్యలో చూసే మనిషి మారాడు. మూడోసారి ఉత్తర దిక్కు బాణం సైజు, గీతల మందం. నాలుగోసారి, మొదటి మనిషి మార్చమన్నదాన్ని తిరిగి పాతలాగే పెట్టమన్నారు. అక్కడ గంటల లెక్కన వసూలు చేసే పద్ధతి. ముందు డిపాజిట్ కట్టించుకుంటారు, అది కరిగిపోతే మళ్లీ కట్టమంటారు. ఆవిడ రెండుసార్లు అదనంగా కట్టింది. తప్పు నాదైతే నా ఫీజులో తగ్గించుకునేవాణ్ని. అది నా తప్పూ కాదు, ఆవిడ తప్పూ కాదు. వాళ్ల ఆఫీసులో ఒకరికొకరు చెప్పుకోకపోవడానికి ఆవిడ చెక్కు రాసింది. రెండో చెక్కు రాసేటప్పుడు వంటింటి బల్ల మీద కళ్లద్దాలు తీసి పెట్టుకుని, "ఇదే చివరిది కదా?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు.

అందుకే బోర్డు ముందు మీకిచ్చే రెండు మూడు నిమిషాల్లో ఫీజు అంకె గురించి కంటే దీని గురించి గట్టిగా అడగండి. పెంచిన ఫీజులోనే మ్యాప్‌ని మూడుసార్లు చెక్ చేయడం కలిసి ఉండాలి. తప్పులన్నీ మొదటి చెక్‌లోనే చెప్పాలి. మేం మార్చని చోట తర్వాత కొత్త తప్పు పట్టుకుంటే దాన్ని సరిచూసే సమయం కౌంటీ ఖాతాలో పడాలి. మొదటి చెక్ ఇన్ని పనిదినాల్లో ఇస్తామని రాసివ్వాలి. డబ్బు పెంచుతున్నప్పుడే ఈ మాటలు తీసుకోవాలి. పెంచేశాక అడిగితే ఎవరూ వినరు.

ఇంకో విషయం ఉంది, నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో ఇదే పెద్దది. మీ పార్సెల్ మ్యాప్, పక్కింటి కంచె కోసం వేసే రికార్డ్ ఆఫ్ సర్వే, రెండింటినీ ఒకే గాట కట్టి ఒకే లెక్కన పెంచుతున్నారు. అది సరికాదు. పార్సెల్ మ్యాప్‌తో మీకు ఒక కొత్త స్థలం పుడుతుంది, దానికి విలువ వస్తుంది, ఆ లాభం మీదే. దాని ఖర్చు మీరు భరించడం న్యాయం. రికార్డ్ ఆఫ్ సర్వేతో ఎవరికీ కొత్త స్థలం పుట్టదు. ఒక సర్వేయర్ తనకు దొరికిన గుర్తులు, తేడాలు అందరికీ తెలిసేలా రాసి పెట్టడమే అది. నన్ను పది అంగుళాల తప్పు నుంచి కాపాడిన ఆ చిన్న అక్షరాల నోటు అలాంటి మ్యాప్‌లోదే. దాని వల్ల లాభం ఆ రోజు డబ్బు కట్టినవాడికి కాదు, దశాబ్దాల తర్వాత వచ్చిన నాకు, నేను పని చేసిపెట్టిన కుటుంబానికి.

ఆ ఫీజు బాగా పెరిగితే ఏమవుతుందో మీ పక్కింటాయన మాటలోనే ఉంది. ఫైల్ చేయకుండా మేకులు పాతించుకుందాం అంటున్నాడు. ఇది ఆయన ఒక్కడి మాట కాదు, ఫీజు పెరిగిన ప్రతిచోటా వినిపించే మాటే. ల్యాండ్ సర్వేయర్స్ చట్టం 8762వ సెక్షన్ ప్రకారం, కొలతకూ రికార్డుకూ చెప్పుకోదగ్గ తేడా ఉన్నా, ఏ పాత మ్యాప్‌లోనూ లేని చోట హద్దు గుర్తు పాతినా సర్వేయర్ తొంభై రోజుల్లో రికార్డ్ ఆఫ్ సర్వే ఇచ్చి తీరాలి. ఎగ్గొడితే లైసెన్స్‌కే ముప్పు. మీ సర్వేయర్‌ని అలాంటి పనికి ఒత్తిడి చేయకండి. తేడా ఏమీ లేకుండా, పాత సబ్‌డివిజన్ మ్యాప్‌లో ఉన్న మూలనే తిరిగి నిలబెడితే కార్నర్ రికార్డ్ అనే చిన్న ఫారంతో సరిపోవచ్చు. అది చాలా చవక. మీ తగువు ఏ కోవలోకి వస్తుందో కొలిచాక గానీ తెలియదు.

కాబట్టి బోర్డును అడగండి: రికార్డ్ ఆఫ్ సర్వే ఫీజు తక్కువగానే ఉంచి, మిగతా ఖర్చు జనరల్ ఫండ్ నుంచి, అంటే కౌంటీ సాధారణ నిధి నుంచి, పెట్టుకోమనండి. చట్టం ఖర్చుకు మించి తీసుకోవద్దంది గానీ, తక్కువ తీసుకోవద్దనలేదు. హద్దులు స్పష్టంగా ఉండటం ఊరందరి అవసరం. ఊరందరి డబ్బుతో దాన్ని నిలబెట్టడంలో తప్పేముంది?

హడావుడిగా దాఖలు చేయనా అన్నారు. వద్దు. బోర్డు ఆమోదించాక కనీసం అరవై రోజులు దాటితే గానీ ఇలాంటి ఫీజు అమల్లోకి రాకూడదని 66017వ సెక్షన్ చెప్తోంది. విచారణే వచ్చే నెలలో కాబట్టి మీకు మూడు నెలల దాకా సమయం ఉంది. పాత ఫీజు వర్తించాలంటే ఏ తేదీ లెక్కలోకి తీసుకుంటారు, మ్యాప్ ఇచ్చిన రోజా, అది సంపూర్ణంగా ఉందని వాళ్లు ఒప్పుకున్న రోజా? కౌంటీ నుంచి ఈమెయిల్‌లో రాయించుకోండి. సగం ఉడికిన మ్యాప్ ఇస్తే అసంపూర్ణమని తిప్పి పంపుతారు, అప్పుడు తేదీ పోతుంది, ఒక చెక్ కూడా వృథా. స్థలం విడగొట్టే అనుమతి సంగతి కూడా మీ సర్వేయర్‌తో సరిచూసుకోండి. మీరు వెళ్తున్నది ఎస్‌బీ 9 (ఒక ఇంటి స్థలాన్ని రెండుగా విడగొట్టనిచ్చే కాలిఫోర్నియా చట్టం) దారిలోనే అనుకుంటున్నాను. అయితే రెండు ముక్కల్లో చిన్నది మొత్తంలో నలభై శాతానికి తగ్గకూడదు, మీ స్థలానికి అది 3,840 చదరపు అడుగులు. రెండింటిలో ఒక దాంట్లో మూడేళ్లు మీరే ఉంటామని ప్రమాణ పత్రం కూడా ఇవ్వాలి.

మీ నాన్నగారి మాటకు వస్తాను. ఆయన భయం నాకు అర్థమవుతుంది. మా తాతగారూ అంతే, సర్వేయర్ ఊళ్లోకి వస్తే ముందు మజ్జిగ ఇచ్చి తర్వాత మాట్లాడేవారు. ఆఫీసర్‌ని లెక్క అడిగితే పగబడతాడన్నది వాళ్లు చూసిన లోకం. ఇక్కడ బోర్డు సమావేశంలో సామాన్యుడు మైకు ముందు నిలబడి అంకెలు అడగడం ప్రతి వారం జరిగే పనే. మన యాస చూసి ఎవరూ నవ్వరు. రాసుకుని వెళ్లి చదవండి. మన తెలుగువాళ్లు ఇలాంటి చోట వెనక బెంచీలో కూడా కనిపించరు, నాకు అది బాధగా ఉంటుంది. పన్ను కడుతున్నాం, ఇల్లు కొంటున్నాం, మాట్లాడే చోటికి మాత్రం వెళ్లం. మీరు వెళ్లండి. పిటిషన్ తెచ్చినవాళ్లను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. "పెంచొద్దు" అన్న కాగితం పక్కన పెట్టి, నేను పైన చెప్పిన కోరికలు వాళ్ల చేత రాయించండి. అప్పుడు నిశ్చింతగా సంతకం పెట్టండి.

కంచె సంగతి చివరగా. ఎనిమిది అంగుళాలు అన్నారు. ఒంగోలులో మీ నాన్నగారి ఎఫ్‌ఎంబీ పాతదైతే కొలతలు లింకుల్లో ఉండొచ్చు. గంటర్ గొలుసు 66 అడుగులు, అందులో వంద లింకులు, ఒక లింకు 7.92 అంగుళాలు. కాలిఫోర్నియాలో 1851లో డయాబ్లో కొండ మీద నుంచి భూములు కొలవడం మొదలుపెట్టినవాళ్లు వాడిందీ 66 అడుగుల గొలుసు లెక్కే. మీ ఇద్దరి మధ్య తగువు దాదాపు ఒక్క లింకు. నాన్నగారికి ఫోన్‌లో అలా చెప్పి చూడండి, ఆయనకు వెంటనే కొలత కళ్లకు కడుతుంది. సర్వేయర్ మూల తవ్వే రోజు పక్కింటాయన్ని కూడా రమ్మనండి. గొట్టం బయటపడ్డప్పుడు దాని మీద నంబరు ఆయన కూడా తన కళ్లతో చదవాలి. ఖర్చు చెరి సగం అని ఆ రోజు ఉదయమే, పార చేతికి తీసుకోకముందే మాట్లాడుకోండి.